జేన్ ఐర్ ‘కాదు’ అన్న ప్రతిచోటా ఆగి చదువుకునే పద్ధతి

షార్లట్ బ్రాంటీ ఒక అనాథ పిల్ల కథగా రాసిన ఇంగ్లీషు నవల ‘జేన్ ఐర్’ను కడపలో మేము కొందరు ఆడవాళ్లం ఇప్పటికి రెండు విడతలుగా, ఆదివారం మధ్యాహ్నాలు ఎర్రముక్కపల్లిలో ఒకరి ఇంటి నడవలో కూర్చుని చదువుకున్నాం. మాలో డిగ్రీ చదివే పిల్లలున్నారు, టీచరు ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లున్నారు, ఇంగ్లీషు అక్షరం రాని ఇద్దరు పెద్దవాళ్లూ ఉన్నారు. ప్రొద్దుటూరు నుంచీ అనంతపురం నుంచీ పరిచయస్తులు తామూ ఇలాగే చదవాలనుకుంటున్నామనీ, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ అడుగుతున్నందువల్ల, మేము చేసిన తప్పులతో సహా ఆ పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా చెప్పవలసింది మొదటి విడతలో మేము చేసిన తప్పు. జేన్ చేసింది ఒప్పా తప్పా అని చర్చ మొదలుపెట్టాం. రెండో వారానికే గుంపు రెండుగా చీలిపోయింది. ఆడది అణిగి ఉండాలన్న కట్టుబాటును తెంచుకున్న ధీర అని పిల్లలు అన్నారు. తిండి పెట్టిన ఇంట్లోనే ఎదురు మాట్లాడిన పిల్లను మెచ్చుకోవడం ఏమిటని పెద్దవాళ్లు అన్నారు. ఎవరి మాట మీద వాళ్లు నిలబడ్డారు, పుస్తకం మాత్రం మూతపడింది. రెండో విడతలో ఆ ప్రశ్నను పక్కన పెట్టాం. జేన్ ఎవరికైనా కాదని చెప్పిన ప్రతిసారీ ఆమె ఎవరి ఇంటి కప్పు కింద నిలబడి ఉందో, ఆ పూట చేతిలో ఎంత డబ్బు ఉందో వెతకడం మొదలుపెట్టాం. అప్పటి నుంచి చర్చ తీరే మారిపోయింది. ఎదురుతిరగడానికి ప్రతిసారీ ఒక ఖరీదు ఉంటుందనీ, ఆ ఖరీదును ఈ రచయిత్రి పౌండ్లూ షిల్లింగులతో సహా లెక్క రాసి పెట్టిందనీ మాకు అప్పుడే కనబడింది.

అందుకోసం ఒక రూళ్ల నోటుబుక్కు కొనండి. ప్రతి పేజీని నిలువుగా నాలుగు గడులు చేయండి. మొదటి గడిలో జేన్ ఎవరికి కాదని చెప్పిందో, రెండో గడిలో అప్పుడు ఎవరి ఇంట్లో తలదాచుకుని ఉందో, మూడో గడిలో చేతిలో ఎంత ఉందో, నాలుగో గడిలో కాదన్నందువల్ల ఏమి పోగొట్టుకుందో రాయాలి. పక్కన అధ్యాయం అంకె వేసుకుంటే తర్వాత వెతుక్కోవడానికి పనికి వస్తుంది. నోటుబుక్కు రాసే బాధ్యత వారానికొకరికి ఇవ్వండి, కానీ బాగా మాట్లాడేవాళ్లకు ఇవ్వకండి. మాట తక్కువ ఉన్నవాళ్ల చేతిలో కలం ఉంటే ‘ఇక్కడ ఏం రాయమంటారు?’ అని అడగడానికైనా నోరు విప్పుతారు, ఆ ప్రశ్నతోనే చాలాసార్లు అసలు చర్చ మొదలవుతుంది.

నవల 1847 అక్టోబరులో, కరర్ బెల్ అనే మారుపేరుతో, మూడు సంపుటాలుగా వెలువడింది. మొత్తం 38 అధ్యాయాలు. మూల ప్రతి మీద ఇప్పుడు ఎవరికీ హక్కులు లేవు కాబట్టి ఇంగ్లీషు పాఠం ఉచితంగానే దొరుకుతుంది. స్కూలు పిల్లల కోసం కుదించిన ప్రతిని మాత్రం తీసుకోకండి. కథ వరకు మిగిల్చి జేన్ మనసులో మాటలు కోసేసిన ప్రతిలో మన నోటుబుక్కుకు ఎక్కవలసిన సంగతులు ఉండవు. మారుపేరు ఎందుకు పెట్టుకుందని మొదటి రోజే ఎవరో ఒకరు అడుగుతారు. 1836 డిసెంబరులో, ఇరవై ఏళ్ల వయసులో షార్లట్ తన కవితలను అప్పటి ఆస్థానకవి రాబర్ట్ సౌతీకి పంపితే, సాహిత్యం స్త్రీ జీవితానికి వృత్తి కాలేదు, కాకూడదు అని ఆయన జవాబు రాశాడు. ఆ ఒక్క సంగతి చెప్పండి, చాలు. రచయిత్రి జీవితం గురించి మొదటి రోజు అంతకంటే ఎక్కువ చెబితే నవలలోకి వెళ్లకుండానే పొద్దు గూకుతుంది.

తొమ్మిది ఆదివారాలు సరిపోతాయి. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళకు ముగించాలి. అంతకంటే ముందు పెట్టుకుంటే వంటగిన్నెలు కడిగి రాలేరు, ఆలస్యమైతే ఇళ్లలో మాట వస్తుంది. మొదట మేము ఒక సంస్థలో గది అడిగాం. ఏ పుస్తకం చదువుతారని అడిగి, విని, ఆడవాళ్లకు పనికి వచ్చే పుస్తకం ఏదైనా పెట్టుకోండి అన్నారు. ఇంటి నడవే మేలని అప్పుడు అనుకున్నాం, ఇప్పటికీ అదే నా సలహా. బొరుగులూ వేయించిన చెనిక్కాయలూ ఒక పళ్లెంలో మధ్యన పెట్టుకుంటే టీ కోసం ఎవరూ లేచి వెళ్లనక్కరలేదు.

చదివే తీరు ఇది. ఒకరు ఇంగ్లీషులో రెండు మూడు పేజీలు గట్టిగా చదవాలి, పక్కనున్నవారు ఆ భాగాన్ని తెలుగులో చెప్పాలి. ఈ ఇద్దరూ ముందురోజే ఆ అధ్యాయం చూసుకుని రావాలి. తెలుగులో చెప్పేవారు పుస్తకం భాషలో కాక ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పాలి, ముఖ్యంగా బంధుత్వాలను తెలుగు వరసల్లోకి మార్చి చెప్పాలి. ఇది చిన్న సంగతి అనుకోకండి. ఇంగ్లీషులో ‘ఆంట్’, ‘కజిన్’ అన్న రెండు మాటల వెనక దాగిన బంధుత్వం తెలుగులోకి రాగానే బయటపడుతుంది. మిసెస్ రీడ్ జేన్‌కు మేనమామ భార్య, అంటే అత్త. ఆమె కొడుకు జాన్ రీడ్ మేనమామ కొడుకు, అంటే బావ. మేనరికాలు నేటికీ జరిగే మన సీమలో తల్లి చచ్చిపోయిన పిల్లకు మేనమామ ఇల్లు దానంగా దొరికే చోటు కాదు, హక్కున్న చోటు. చావబోతూ ఆ మేనమామ జేన్‌ను సొంత పిల్లలతో సమానంగా పెంచుతానని భార్య చేత మాట తీసుకున్నాడు. అలాంటి ఇంట్లో పదేళ్ల పిల్లతో పనిమనిషి ‘నువ్వు పనిమనిషి కంటే తక్కువ, తిన్న తిండికి పని కూడా చేయవు’ అన్నదని చెప్పగానే, తిండి పెట్టిన అత్త అని మొదటి విడతలో వాదించిన పెద్దవాళ్లే రెండో విడతలో మౌనంగా తలవంచుకున్నారు.

మొదటి ఆదివారం 1 నుంచి 4 అధ్యాయాల వరకు ఏదీ వదలకుండా చదవండి. కిటికీ అరుగు మీద, ఎర్ర తెర వెనక, పక్షుల పుస్తకం చూసుకుంటూ కూర్చున్న పిల్లను పద్నాలుగేళ్ల జాన్ బయటికి పిలిచి, ఆ పుస్తకాలు నావి, ఈ ఇల్లు నాది అని చెప్పి, అదే పుస్తకాన్ని ఆమె మీదికి విసురుతాడు. తల తలుపుకు కొట్టుకుని నెత్తురు వస్తుంది. ఆమె తిరగబడుతుంది. ఇక్కడ ఆగి నోటుబుక్కులో మొదటి వరస రాయించండి. చేతిలో డబ్బు సున్నా. కప్పు అత్తది. పోగొట్టుకున్నది ఏమిటంటే, మేనమామ ప్రాణం విడిచిన ఎర్రగదిలో ఒంటరిగా బంధించారు. 4వ అధ్యాయంలో బ్రాకిల్‌హర్స్ట్ అనే మతాధికారి, నరకానికి పోకుండా ఉండాలంటే ఏం చేయాలని అడిగితే, ఆరోగ్యంగా ఉండి చావకుండా ఉండాలి అని జేన్ చెప్పే జవాబు దగ్గర అందరూ నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ వెంటనే ఆమె అత్త ఎదుట నిలబడి, నేను అబద్ధాలకోరునే అయితే నువ్వంటే ఇష్టమని చెప్పేదాన్ని, నాకు నువ్వంటే ఇష్టం లేదు అనే ఘట్టం వస్తుంది. దాన్ని తెలుగులో చెప్పేవారు మెల్లగా, ప్రతి మాటా వినబడేటట్లు చెప్పాలి. గెలిచిన ఆ పిల్లకు అరగంట లోపే భయమూ పశ్చాత్తాపమూ పట్టుకుంటాయని కూడా రచయిత్రి రాసింది, దాన్ని దాటేయకూడదు.

రెండో ఆదివారం 5 నుంచి 10 వరకు, లోవుడ్ బడి. ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది, ముందే సిద్ధంగా ఉండండి. హెలెన్ బర్న్స్ అనే పిల్ల అకారణంగా దెబ్బలు తిని కూడా ఓర్చుకోమంటుంది. కారణం లేకుండా కొట్టినవాళ్లను తిరిగి గట్టిగా కొట్టాలని జేన్ అంటుంది. ‘క్షమయా ధరిత్రీ’ అన్న మాట వింటూ పెరిగిన మనలో ఎక్కువమందికి హెలెన్ మీదే ప్రేమ కలుగుతుంది. ఆ ప్రేమ తప్పు కాదు, జేన్‌కు కూడా ఆ పిల్ల అంటే ప్రాణం. కానీ హెలెన్ క్షయతో ఆ బడిలోనే చచ్చిపోతుంది, ఓర్చుకోమని నేర్పిన బడి ఆకలినీ చలినీ తగ్గించదు. ఈ రెండు వాక్యాలు చెప్పి ఊరుకోండి, తీర్పు చెప్పకండి. 10వ అధ్యాయంలో మొదటిసారి డబ్బు గడి నిండుతుంది. టీచరుగా ఏడాదికి 15 పౌండ్లు సంపాదిస్తున్న జేన్ పత్రికలో తానే ప్రకటన వేసుకుని, 30 పౌండ్ల జీతం మీద థార్న్‌ఫీల్డ్ అనే బంగళాలో ఒక పాపకు చదువు చెప్పే ఉద్యోగం సంపాదిస్తుంది. పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఎవరి సిఫారసూ అడగకుండా ప్రకటన వేసి, జవాబును పోస్టాఫీసులో తానే అడిగి తెచ్చుకోవడం ఈ నవలలో జరిగే పెద్ద తిరుగుబాట్లలో ఒకటని నేను నమ్ముతాను. మా డిగ్రీ పిల్లలు ఆ పేజీని రెండుసార్లు చదివించుకున్నారు.

మూడో ఆదివారం 11 నుంచి 16. అన్నింటికంటే ముఖ్యం 12వ అధ్యాయంలో మిద్దె మీది ఘట్టం. జేన్ బంగళా పైకప్పు మీదికి ఎక్కి, కనుచూపు అందని ఊళ్లను తలుచుకుంటూ, ఆడవాళ్లు ప్రశాంతంగా ఉంటారని అనుకుంటారు గాని మగవాళ్లకు ఎలా ఉంటుందో వాళ్లకూ అలాగే ఉంటుందనీ, వంటలూ అల్లికలూ కుట్లకే పరిమితం కమ్మనడం సంకుచితమనీ అనుకుంటుంది. దీన్ని ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో రెండుసార్లు చదవండి, వీలైతే మిద్దె మీదికే వెళ్లి చదవండి. మేము పాలకొండల వైపు తిరిగి నిలబడి చదివాం. చదివిన తర్వాత ఆపేయకుండా తరువాతి వాక్యాలు కూడా చదవాలి, ఎందుకంటే అంత పెద్ద ఆలోచన తర్వాత వెంటనే మూడో అంతస్తులో ఒక నవ్వు వినబడుతుంది. ఆ నవ్వు ఎవరిదో జేన్‌కు అప్పటికి తెలియదు. కథ ముందే తెలిసినవాళ్లను చెప్పవద్దని కోరండి. నోటుబుక్కులో మాత్రం ‘నవ్వు, 12’ అని రాసి గడులు ఖాళీగా ఉంచండి.

17 నుంచి 22 వరకు నాలుగో ఆదివారం. ఇందులో విందులూ అతిథులూ ఎక్కువ. ముఖ్యమైన పేజీలు చదివి మిగిలింది కథగా చెప్పుకుంటే చాలు. 21వ అధ్యాయంలో చావుబతుకుల్లో ఉన్న అత్త, మదీరా దీవిలో ఉన్న చిన్నాన్న జేన్‌ను పెంచుకుంటానని మూడేళ్ల కిందట రాసిన ఉత్తరాన్ని దాచి, ఆ పిల్ల చచ్చిపోయిందని జవాబు రాశానని ఒప్పుకోవడం ఒక్కటి మాత్రం వదలకూడదు.

అయిదో ఆదివారం 23 నుంచి 25. థార్న్‌ఫీల్డ్ యజమాని రోచెస్టర్ జేన్ దగ్గర పెళ్లి మాట ఎత్తడం అందరూ ఎదురుచూసే ఘట్టమే, దానికి మీ సాయం అక్కరలేదు. మీరు నిలబడవలసిన చోటు 24వ అధ్యాయంలో బట్టల అంగడి. రోచెస్టర్ ఆమెను పట్టు అంగడికి తీసుకుపోయి మెరిసే ఊదారంగు పట్టూ గులాబీరంగు సాటినూ ఎంచుతాడు. ఆమె పట్టుబట్టి ఒక నల్ల సాటినూ ఒక బూడిదరంగు పట్టూ చాలంటుంది. అతను కొన్నకొద్దీ తన చెంపలు అవమానంతో మండాయని ఆమె చెబుతుంది. ఇక్కడ మా గుంపులో అందరికీ ప్రొద్దుటూరు బంగారు అంగళ్లూ ధర్మవరం పట్టుచీరలూ గుర్తుకొచ్చాయి. మగపెళ్లివారు చీరలు పరుస్తుంటే పెళ్లికూతురు ఏ చీర వైపు చెయ్యి చాపవచ్చో వాళ్ల ముఖాలు చూసి తెలుసుకోవడం మాలో ప్రతి ఒక్కరికీ అనుభవమే. ఒకామె తన పెళ్లిచీర రంగు తనకు ఎన్నడూ నచ్చలేదని, ముప్ఫై ఏళ్ల తర్వాత మొదటిసారి ఆ రోజు చెప్పింది. ఎవరినీ సొంత ఇంటి సంగతులు అడగకండి. ఇలాంటి చోట వాళ్లంతట వాళ్లే చెబుతారు, చెప్పింది ఆ నడవ దాటి పోకూడదు.

ఈ అంగడి ఘట్టానికి ఇంకొక ముడి ఉంది, దాన్ని విప్పి చూపించడం చదివించేవారి పని. ఆ అవమానం తట్టుకోలేకనే జేన్ తనకంటూ కొంచెం డబ్బు ఉంటే బాగుండునని అనుకుని, మదీరాలోని చిన్నాన్నకు తన పెళ్లి సంగతి తెలుపుతూ ఉత్తరం రాస్తుంది. ఆ ఉత్తరం చేరిన వేళకు బతికే ఉన్న రోచెస్టర్ మొదటి భార్యకు తోడబుట్టిన మేసన్ అక్కడే ఉండటం వల్ల సంగతి బయటపడి, 26వ అధ్యాయంలో చర్చిలో పెళ్లి ఆగిపోతుంది. సొంత డబ్బు కోసం ఒక ఆడపిల్ల రాసుకున్న ఉత్తరమే ఆమెను దొంగపెళ్లి నుంచి కాపాడింది. కథ ఇంత పకడ్బందీగా అల్లిన చోటు ఈ నవలలో మరొకటి లేదు.

ఆరో ఆదివారానికి 26, 27 అధ్యాయాలు మాత్రమే పెట్టుకోండి. ఉండిపొమ్మని రోచెస్టర్ బతిమాలతాడు, ఏడుస్తాడు, నీ గురించి పట్టించుకునేవారు ఎవరున్నారని అడుగుతాడు. నన్ను నేను పట్టించుకుంటాను, ఎంత ఒంటరినైతే అంతగా నన్ను నేను గౌరవించుకుంటాను అని ఆమె జవాబు. ఇక నోటుబుక్కు తీయండి. తెల్లవారకముందు ఆమె సొరుగులో బట్టలు తడుముతుంటే అతను బలవంతంగా ఇచ్చిన ముత్యాల దండ చేతికి తగులుతుంది. అది నాది కాదని వదిలేస్తుంది. సంచిలో ఉన్నది 20 షిల్లింగులు. బండివాడు 30 అడిగి, చివరికి ఆ 20తో ఒప్పుకుంటాడు. మా పెద్దమ్మ ఒకావిడ, చదువు రానావిడ, ఇక్కడ అడ్డుపడి, ‘ఆ ఇరవై ఎన్నాళ్ల జీతమమ్మా?’ అని అడిగింది. అంతవరకు మాలో ఎవరికీ తట్టని ప్రశ్న అది. పౌండుకు 20 షిల్లింగులు, ఏడాదికి 30 పౌండ్లు. అంటే పన్నెండు రోజుల జీతం అని ఒక పిల్ల లెక్క వేసి చెప్పింది. ఆవిడ కొంగు ముడి విప్పి, అందులోని మడిచిన నోట్లను ఒకసారి చూసి, మళ్లీ కట్టుకుంది. ఏమీ అనలేదు. మేము కూడా ఏమీ అడగలేదు.

అదే రోజు 12వ అధ్యాయం దగ్గర ఖాళీగా ఉంచిన గడులు నింపాలి. ఆ నవ్వు రోచెస్టర్ భార్య బెర్తాది. ఆమె పెళ్లితో అతనికి వచ్చింది 30,000 పౌండ్లు. జేన్ జీతంతో లెక్కిస్తే వెయ్యేళ్ల సంపాదన. అంత కట్నం తెచ్చిన మనిషి చేతిలో ఇప్పుడు ఒక్క షిల్లింగు లేదు, కిటికీ లేని గదిలో తాళం వెనక ఉంది. పెళ్లికి రెండు రాత్రుల ముందు జేన్ గదిలోకి వచ్చి పెళ్లి మేలిముసుగును రెండుగా చించి తొక్కింది ఆమెనే. మాటలతో కాదనగలిగిన ఆడదాన్ని ఇంత ప్రేమగా రాసిన రచయిత్రి, మాటలు లేకుండా కాదన్న ఈ ఆడదాన్ని జంతువుగా చూపించింది. అది నవలలో లోపమేనని నేను గట్టిగా అనుకుంటాను, మీ గుంపులోనూ ఈ మాట దాచకుండా చెప్పండి. జేన్‌ను ప్రేమించడానికి బెర్తాను మరిచిపోవలసిన పని లేదు.

ఏడో ఆదివారం 28 నుంచి 33. రెండు రాత్రులు బయలులో పడుకోవడం, రొట్టె కోసం చేతిరుమాలూ చేతితొడుగులూ ఇవ్వబోతే అంగడామె తీసుకోకపోవడం, పందికి పోయబోయే చల్లారిన గంజిని అడిగి తినడం, ఇవన్నీ నాలుగో గడిలోకి ఎక్కించండి. తర్వాత పల్లెబడిలో ఉద్యోగం, జీతం మళ్లీ 30 పౌండ్లు. చిన్నాన్న చనిపోతూ ఆమెకు వదిలిన 20,000 పౌండ్లను తనను ఆదుకున్న ముగ్గురు తోబుట్టువులతో కలిపి నాలుగు భాగాలు చేసి, తలా 5,000 పంచుకుంటుంది. మీరైతే పంచుతారా అన్న ప్రశ్న వేస్తే గంట సేపు మాటలు ఆగవు, గడియారం చూసుకోండి.

ఎనిమిదో ఆదివారానికి 34, 35. నా దృష్టిలో నవల మొత్తానికీ కఠినమైన ‘కాదు’ ఇక్కడే ఉంది, రోచెస్టర్ దగ్గర కాదు. తప్పు చేసిన మగవాడికి కాదని చెప్పడానికి లోకం మద్దతు ఉంటుంది. ఆ ముగ్గురు తోబుట్టువుల్లో ఒకడైన సెయింట్ జాన్ ఏ తప్పూ చేయలేదు. ఆకలితో గుమ్మంలో పడిన జేన్‌ను లోపలికి తెచ్చినవాడు, ఉద్యోగం ఇప్పించినవాడు, దేవుని పనికి జీవితం ధారపోసినవాడు. ఇండియాకు మిషనరీగా పోతూ, నువ్వు పుట్టింది ప్రేమ కోసం కాదు, పని కోసం అంటూ పెళ్లాడి తనతో రమ్మంటాడు. తెలుగులో చెప్పేటప్పుడు వరస మరిచిపోకండి: సెయింట్ జాన్ తల్లి జేన్ తండ్రికి తోబుట్టువు. మేనత్త కొడుకు, వరసైన బావ. మన దగ్గర అయితే ఇంత కుదిరిన సంబంధం కాదనే ఆడపిల్లకు నిలబడటానికి నేల ఉండదు. పైగా జేన్, చెల్లెలిగా అయితే నీ వెంట వస్తాను, భార్యగా రాను అంటుంది. దీన్ని తెలుగులో చెప్పబోయిన మా అమ్మాయి నోటమాట రాక ఆగిపోయింది, ఎందుకంటే తెలుగులో బావను అన్న అనడం కుదరదు. ఆ తడబాటును సరిచేయకండి. జేన్ అడిగింది ఎంత విపరీతమైన సంగతో ఇంగ్లీషు పాఠకులకు వంద పేజీల వ్యాఖ్యానం చదివితే తెలుస్తుందేమో, మా పెద్దవాళ్లకు ఆ ఒక్క క్షణంలో తెలిసిపోయింది. ‘వరస మార్చేసిందే!’ అని ఒకావిడ బుగ్గన వేలు పెట్టుకుంది.

నిన్ను పెళ్లాడితే నన్ను చంపేస్తావు, ఇప్పుడే చంపుతున్నావు అని జేన్ అన్నప్పుడు, అవి క్రూరమైన మాటలు, ఆడతనానికి తగని మాటలు, అబద్ధపు మాటలు అని సెయింట్ జాన్ అంటాడు. మధ్యలో ఉన్న ఆ మాట దగ్గర పుస్తకం మూసి, తలా ఒక చిన్న కాగితం ఇవ్వండి. ఎదురు చెప్పిన ఆడపిల్లను మీ ఇంట్లో, మీ వీధిలో ఏమంటారో రాయమనండి. పేరు రాయనక్కరలేదు. మా కాగితాల్లో వచ్చినవి ఇవి: నోరు పెద్దది, మగరాయుడు, పొగరు, మొండి, గయ్యాళి, బరితెగించింది, మర్యాద తెలియనిది. వాటిని వరుసగా చదివి వినిపించి, ఆ తర్వాత సెయింట్ జాన్ మాటను మళ్లీ చదవండి. అతను గొంతు కూడా పెంచకుండా, ఎంత శాంతంగా ఆ పని చేశాడో అప్పుడు అర్థమవుతుంది.

కడపలో చదివేవారికి ఈ అధ్యాయాల్లో ఇంకొక అక్కర కూడా ఉంది. సెయింట్ జాన్ జేన్ చేత జర్మన్ మాన్పించి హిందుస్తానీ నేర్పిస్తాడు. ఈ నవల అచ్చయ్యే నాటికి సి.పి. బ్రౌన్ కడపకు వచ్చి 27 ఏళ్లు. ఇక్కడే బంగళా కొని, పండితులను పెట్టుకుని తాళపత్రాలు ఎత్తి రాయించాడు. లండన్ మిషనరీ సొసైటీ కూడా 1820ల్లోనే కడపలో పని మొదలుపెట్టింది. అంటే జేన్ రానన్న దేశం మనది. కలకత్తా ఎండలో కాలిపోవడానికి పోతావా అని సెయింట్ జాన్ తోబుట్టువు డయానా జేన్‌ను అడిగే మాటను మేము మే నెలలో, ఫ్యాను కింద చెమట తుడుచుకుంటూ చదివాం. వీలైతే ఈ వారం ముందు ఎర్రముక్కపల్లిలోనే ఉన్న బ్రౌన్ గ్రంథాలయానికి ఒకసారి వెళ్లి రండి; మన భాష నేర్చుకున్నవాడు, మనకు చెప్పడానికి రాబోతున్నవాడు, ఇద్దరి మధ్య తేడా మీద పిల్లలు మంచి ప్రశ్నలు అడుగుతారు.

చివరి ఆదివారం 36 నుంచి 38. థార్న్‌ఫీల్డ్ తగలబడి బెర్తా చనిపోయింది; ఆ ప్రమాదంలో చూపూ ఒక చెయ్యీ పోగొట్టుకున్న రోచెస్టర్ దగ్గరికి జేన్ తిరిగి వచ్చి, నాకిప్పుడు డబ్బుంది, నాకు నేనే యజమానిని అని చెబుతుంది. పెళ్లి చేసుకుంటుంది. ఇంత తిరగబడి చివరికి పెళ్లేనా అని పిల్లలు నిరాశపడతారు. నా మటుకు నాకు అది ఓటమి అనిపించలేదు. పిలిస్తే వచ్చిన జేన్ వేరు, తన ఖర్చుతో బండి కట్టించుకుని వచ్చిన జేన్ వేరు. అయితే ఒక చట్టం సంగతి చెప్పకుండా ఈ చర్చ ముగించకూడదు. ఆనాటి ఇంగ్లండులో పెళ్లైన మరుక్షణం భార్య చేతిలోని డబ్బు భర్తదైపోయేది. 1870, 1882 చట్టాలు వచ్చిన తర్వాతనే ఆ పరిస్థితి మారింది. అంటే జేన్ గర్వంగా చెప్పుకున్న 5,000 పౌండ్లు, ఏ ముందస్తు ఏర్పాటూ లేకపోతే, చర్చి గడప దాటేసరికి రోచెస్టర్ సొత్తు. నోటుబుక్కులో ఈ చివరి వరసను ఎలా రాయాలో మీరే తేల్చుకోండి. మేము మూడో గడిలో అంకె వేసి, పక్కన ప్రశ్నగుర్తు పెట్టాం.

ఆ వెంటనే మన చట్టం మాట వస్తుంది, తేదీలు దగ్గర పెట్టుకోండి. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. ఆ తేదీకి ముందే పెళ్లైనవారికి అది వర్తించలేదు. దేశమంతటికీ వర్తించే సవరణ 2005లో వచ్చింది. మాలో ఒకావిడ పెళ్లి 1984 మాఘమాసంలో జరిగింది, ఆమె చెల్లెలి పెళ్లి 1986లో. చెల్లెలికి హక్కు వచ్చింది గాని, అన్నదమ్ములు అడిగితే హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టి వచ్చింది. ‘కాదని ఎందుకు అనలేదంటే, పుట్టింటికి రానుపోను ఉండాలి గదమ్మా’ అని ఆవిడ చెప్పింది. నోటుబుక్కు రాస్తున్న అమ్మాయి నాలుగో గడి వైపు చూసింది.

ఈ నవల పూర్తయ్యాక ఒక నెల విరామం ఇచ్చి, జీన్ రీస్ 1966లో రాసిన ‘వైడ్ సర్గాసో సీ’ మొదలుపెట్టండి. అందులో మొదటి భాగం చెప్పేది బెర్తానే, పెళ్లికి ముందు ఆమెకున్న ఆంట్వనెట్ అన్న పేరుతో. పుస్తకం చిన్నది, మూడు భాగాలు, నాలుగు ఆదివారాలు చాలు. అదే నోటుబుక్కు తీసుకోండి, గడులు మార్చనక్కరలేదు. 12వ అధ్యాయం నవ్వు దగ్గర మీరు రాసిన వరస ఉన్న పేజీని మాత్రం మడిచి గుర్తు పెట్టుకోండి.